పిస్సూలు ఎవరింటివి

భిలాయి స్టీల్ ప్లాంటులో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అంతమంది మగవాళ్ల మధ్య ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చారు మేడమ్ అని అడుగుతారు. బెల్టు తెగిన రోజు గురించో, ఫర్నేసుకు సరుకు అందని రోజు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివి నా దగ్గర చాలానే ఉన్నాయి గానీ, అవి రిటైరైన వాళ్లెవరైనా చెబుతారు. నేను పిస్సూల గురించి చెబుతాను. వాళ్లు నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ముందే ఒక మాట: ఇందులో ఎవరి పేరూ ఉండదు. పిల్లి పేరు కూడా చెప్పను, దాని పరువు దానికుంది.

పిస్సూ అంటే పిల్లుల మీదా కుక్కల మీదా ఉండి నెత్తురు తాగే పురుగు. నువ్వుగింజ కంటే చిన్నది. రెక్కలుండవు, కానీ నేల మీంచి అమాంతం పిక్క మీదికి ఎగురుతుంది. మా అమ్మ దీన్ని గోమారి అనేది. పశువులను కరుచుకుని వేలాడే గోమారి వేరు, ఇది వేరు. భిలాయిలో తెలుగువాళ్లమైనా దీన్ని హిందీలో పిస్సూ అనే అంటాం.

నా ఉద్యోగం ఇనుప ఖనిజం మోసే బెల్టుల దగ్గర. యార్డులోంచి ఫర్నేసు దాకా ఖనిజం బెల్టుల మీదే వెళుతుంది. ఆ బెల్టుల్ని నడపడం, ఆపడం, ఎక్కడ ఏది జామ్ అయిందో తెర మీద చూసి కింద ఉన్నవాళ్లకు చెప్పడం కంట్రోల్ రూమ్‌లో పని. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. ఆయన కూతురు ఏదో ఒక ఆఫీసులో ఫైళ్లు సర్దుకుంటూ కూర్చుంటే అందరికీ సుఖంగా ఉండేది. నేను ఐటీఐ చదివాను, డిపార్ట్‌మెంట్ పరీక్ష రాశాను, బెల్టుల పక్కన దుమ్ములో ఏళ్ల తరబడి నడిచాను. చివరికి ఆ ప్యానెల్ ముందు కుర్చీ సంపాదించాను. మా సెక్షన్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడదాన్ని నేనే. ఆ కుర్చీ అంటే నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి.

ఆ గదికి కొన్ని పద్ధతులున్నాయి. దుమ్ము లోపలికి రాకూడదని బూట్లు బయటే విప్పాలి. లోపల అందరూ సాక్సులతోనో, ఉత్త కాళ్లతోనో తిరుగుతారు. నేల కూడా అసలు నేల కాదు. అడుగున కేబుళ్లు పోవడానికి ఖాళీ వదిలి, పైన పలకలు పేర్చిన నేల. ఏసీ ఉన్నది యంత్రాల కోసం, మనుషుల కోసం కాదు. అందువల్ల మనుషులకు వణుకు. ఆ వణుకు తీర్చడానికి కొన్ని ఉమ్మడి దుప్పట్లుండేవి. షిఫ్టు మారినప్పుడు మనుషులు మారతారు, దుప్పట్లు మారవు. ఒకరి మోకాళ్ల మీంచి ఇంకొకరి మోకాళ్ల మీదికి.

వాటిని ఉతికే పని నాకెవరూ అప్పగించలేదు. నేను కుర్చీలో చేరిన కొత్తలో ఒకాయన దుప్పట్లన్నీ సంచీలో కుక్కి, “దీదీ, మీ ఇంట్లో మెషిన్ ఉంది కదా” అన్నాడు. వాళ్ల ఇళ్లలోనూ మెషిన్లున్నాయి. అయినా ఆ రోజు నుంచి నెలకోసారి ఆ సంచీ నా కుర్చీ పక్కన ప్రత్యక్షమయ్యేది. అందరిలో కలిసిపోవాలనుకునే రోజులు కావడంతో నేనూ నోరు మెదపలేదు.

మేం సెక్టర్ 4లో పై అంతస్తు క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఒక వానాకాలం మెట్ల కింద దొరికిన పిల్లిపిల్లను మా అమ్మాయి పైకి తెచ్చింది. అది ఇంట్లోనే పెరిగింది. బాల్కనీకి జాలీ కొట్టించాం కాబట్టి బయటికి వెళ్లే దారి దానికి లేదు, వెళ్లాలన్న కోరికా లేదు. నేను డ్యూటీ నుంచి తెచ్చిన దుప్పట్ల సంచీ ఎక్కి పడుకోవడం మాత్రం దానికి మహా ఇష్టం. అలసిపోయి వచ్చేదాన్ని, ఉతకడం మర్నాటికి వాయిదా వేసేదాన్ని, అంతవరకూ సంచీ దాని సింహాసనం.

నేను చెప్పబోయే ఏడాది వానలు మొదలవగానే ఇంట్లో అందరి కాళ్ల మీదా దద్దుర్లు లేచాయి. మొదట దోమలనుకున్నాం. తర్వాత పిల్లి మెడ దగ్గర బొచ్చు విడదీసి చూస్తే నల్లగా ఏదో పరుగెత్తింది. మా ఆయన వెంటనే ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగేశారు. పురుగులకేం కాలేదు, పిల్లి మాత్రం నోటి వెంట నురగలు కక్కుతూ మూల పడింది. ఆటోలో పక్క ఊరు దుర్గ్ తీసుకెళ్లాం. పశువుల డాక్టరమ్మ దాని కాళ్లు కడిగి, మందిచ్చి, మా ఇద్దరికీ గట్టిగా చీవాట్లు పెట్టింది. ఫినాయిల్ మీద నడిచి, ఆ కాళ్లు నాక్కుంటే పిల్లికి విషమేనట.

పిల్లి మెడ వెనక వేసే చుక్కల మందు ఆవిడే ఇచ్చింది. ఆ పురుగులు గుడ్లు పిల్లి మీద పెట్టినా అవి నేల మీద రాలతాయనీ, పగుళ్లలో, పరుపుల కింద గూళ్లు కట్టుకుని వారాల తరబడి దాక్కుంటాయనీ చెప్పింది. గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతకాలి, మూలమూలలా ఊడవాలి, మందు నెలనెలా వేస్తూ ఉండాలి. బొచ్చులోని నల్ల రవ్వలు దువ్వి తడి దూదిమీద వేసి చూపించింది. అవి ఎర్రగా కరిగాయి. పిస్సూల రెట్ట అది, అవి తాగిన నెత్తురే. చివర్లో, “ఇది బయటికి వెళ్లదంటున్నారు, మరి వీటిని ఇంట్లోకి ఎవరు తెచ్చారు?” అని అడిగింది.

ఆవిడ చెప్పిందల్లా చేశాం. తగ్గేవి, ఇంక పోయాయనుకునే లోపు మళ్లీ వచ్చేవి. పరుపులు ఎండలో వేశాం, పాత చాపలు పారేశాం, మంచాలు విప్పి కడిగాం. మళ్లీ వచ్చాయి. పక్క క్వార్టర్ వాళ్లు మా గుమ్మం ముందు నుంచి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచేవారు. మా ఆయనకు భిలాయి-3లో రైల్వే ఉద్యోగం. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు గోక్కుంటూ అన్నారు.

“ఒలే, ఒక్క పిల్లి కోసం ఇంత రభసేటి? రేపు నాతో రైలెక్కించుకుపోయి డోంగర్‌గఢ్‌లో దింపీస్తాను. అక్కడ దానికి బోల్డు ఎలకలు.”

“దింపీండి. దాంతోపాటు నన్నూ దింపీండి, మీకు ఇల్లంతా ఖాళీ.”

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చిరాకుపడ్డారు గానీ, పిల్లికి దువ్వెన పట్టడం మాత్రం ఆయనే నేర్చుకున్నారు.

ఇంట్లో ఇలా ఉండగా ఒకరోజు కంట్రోల్ రూమ్‌లో మా ఇన్‌చార్జ్ సాక్సు మీద ఒక పిస్సూ కనిపించింది. ఆయన భిలాయి వైపు మనిషే, హిందీ తప్ప ఇంకోటి మాట్లాడడు. పనిలో చెడ్డవాడు కాదు. దాన్ని వేళ్ల మధ్య నలిపి, ఎవరింట్లో జంతువుందని అడిగాడు. ఎవరూ పలకలేదు. నేను చెప్పాను, మా ఇంట్లో పిల్లి ఉంది, పిస్సూలు కూడా ఉన్నాయి, వైద్యం చేయిస్తున్నాను అని. నిజం చెబితే విషయం తేలిపోతుందనుకున్నాను.

“మేడమ్, సీధీ బాత్ హై,” అన్నాడాయన. “బిల్లీ జాయేగీ, తబ్ ఆప్ పానెల్ పే ఆయేంగీ.”

పిల్లి పోతేనే నేను ప్యానెల్ దగ్గరికి రావాలి. అప్పటిదాకా కింద జంక్షన్ హౌస్ క్యాబిన్‌లో కూర్చోవాలి. అదొక రేకుల గది. ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి ఖనిజం పడే చోటు పక్కనే ఉంటుంది. టిఫిన్ డబ్బా మూత తీస్తే అన్నం మీద ఎర్ర దుమ్ము. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు, పెంపుడు జంతువులున్నవాళ్లు సెక్షన్ శుభ్రత దృష్టిలో పెట్టుకోవాలని. పేరు రాయలేదు. గ్రూపులో పిల్లి ఉన్నది నా ఒక్కదానికే అని అందరికీ తెలుసు.

సెక్షన్‌లో నాకు దగ్గరివాడు ఒకాయన ఉండేవాడు. శ్రీకాకుళం మనిషి, నాకంటే పెద్ద, నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ప్యానెల్ పని నాకు దగ్గరుండి నేర్పింది ఆయనే. నన్ను కిందికి పంపిన రోజు మెట్ల దాకా వచ్చాడు.

“చెల్లమ్మా, ఏటీ అనుకోకు. ఆ పిల్లిని ఎవులికైనా ఇచ్చీరాదా? కుర్చీ మళ్లీ రాదు, పిల్లులు బోల్డు దొరుకుతాయి.”

“కుర్చీ నేను సంపాదించుకున్నది అన్నయ్యా. పిల్లి నన్ను నమ్ముకున్నది. రెండూ నావే, రెంట్లో ఏదీ వదలను.”

అలా అన్నాను గానీ, క్యాబిన్‌లో కూర్చున్న మొదటి రోజు ఏడుపొచ్చింది. ఏళ్ల కష్టం పురుగుల పాలైందనిపించింది. నా కుర్చీలో నాకంటే ఎంతో జూనియర్‌ని కూర్చోబెట్టారు. అతను ఫోన్లో “మేడమ్, బెల్టు చూసి చెప్పండి” అంటుంటే ఒళ్లు మండిపోయేది. మగవాడింట్లో పిల్లి ఉంటే కుర్చీ తీసేవారా? మందివ్వరా, ఒకసారి మందు కొట్టించి ఊరుకోరా? ఈ ప్రశ్న నేను రోజూ వేసుకున్నాను. ఇవాళ్టికీ నా జవాబు మారలేదు.

క్యాబిన్‌లో ఉన్నన్నాళ్లూ ఇంట్లో మాత్రం మార్పు వచ్చింది. పిస్సూలు తగ్గాయి, ఈసారి తిరిగి రాలేదు. మా ఆయన దువ్వెన తెల్లగానే ఉంటోంది. నేను ఇన్‌చార్జ్ దగ్గరికి వెళ్లి మా ఇల్లు శుభ్రపడిందని చెప్పాను. “ఔర్ బిల్లీ?” అన్నాడు. ఉంది అన్నాను. అయితే కిందే ఉండండి అన్నాడు.

మా క్యాబిన్ కిటికీలోంచి పైన కంట్రోల్ రూమ్ అద్దాలు కనిపిస్తాయి. సాయంత్రం లైట్లు వేశాక లోపలి మనుషులు బాగా కనబడేవారు. చూస్తుంటే ఒకటి అర్థమైంది. ఇన్‌చార్జ్ ఒక కాలితో రెండో కాలు గోక్కుంటున్నాడు. నా కుర్చీలో జూనియర్ వంగి చీలమండ గోక్కుంటున్నాడు. నేను అక్కడ లేను, మా ఇంట్లో పిస్సూలు లేవు, మరి వీళ్లను కుడుతున్నదెవరు?

మర్నాడు అన్నయ్య క్యాబిన్‌కి వచ్చాడు. చేతిలో దుప్పట్ల సంచీ.

“మరేటి సేస్తాం చెల్లమ్మా, వాసనొస్తన్నాయి. నువ్వైతే శుభ్రంగా ఉతుకుతావు.”

ఆ గదిలో కూర్చోవడానికి పనికిరాని దాన్ని, ఆ గది దుప్పట్లు ఉతకడానికి పనికొచ్చాను. మా ఇంటి పురుగులంటే భయపడిన వాళ్లకు ఆ దుప్పట్లు మా ఇంటికి పంపడానికి భయం లేదు. అలా నిలబడి సంచీ వంక చూస్తుండగానే డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఇంట్లోకి తెచ్చింది పిల్లి కాదు, నేను. నేను కాదు, ఈ సంచీ. పిల్లి దాని మీద పడుకున్న ప్రతిసారీ పిస్సూలు కొత్తగా కాపురానికి వచ్చాయి. నేను దుప్పట్లు తేని ఈ కొన్ని వారాల్లో ఇల్లు దానంతటదే బాగుపడింది.

సంచీ ఇంటికి తీసుకెళ్లలేదు. అక్కడే ఒక దుప్పటి విప్పి దులిపితే నల్ల రవ్వలు రాలాయి. యంత్రాలు తుడిచే దూది తడిపి వాటిని అద్దాను, ఎర్రగా కరిగాయి. ఆ దూది పట్టుకుని పరుగున మెట్లెక్కి ఇన్‌చార్జ్ ముందు పెట్టాను. పిస్సూలు ఈ గదివే సర్, ఇది వాటి రెట్ట, తడిపితే ఎర్రగా మారుతుంది అన్నాను.

ఆయన కిటికీ గట్టు మీది దుమ్ము వేలితో తీసి, అదే దూదికి ఇంకో వైపు పూశాడు. అదీ ఎర్రగానే అయింది. ఇనుప ఖనిజం ఉండే చోట ఏ దుమ్ము తడిపినా ఎరుపే కదా. గదిలో అందరూ నవ్వారు. నా వెనకే మెట్లెక్కి వచ్చిన అన్నయ్య నవ్వలేదు, తల దించుకున్నాడు. నేను ఆ దూది అక్కడే పడేసి కిందికి వచ్చేశాను. డాక్టరమ్మ గదిలో నిజమైన పరీక్ష మా ప్లాంటులో ఎందుకూ కొరగాదని ముందే ఆలోచించి ఉండాల్సింది.

ఇంటికి వెళ్లి ఆవిడకు ఫోన్ చేశాను. జరిగింది విని ఆవిడ కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు. “ఎర్రటివి వద్దు, తెల్లటివి పట్టుకెళ్లండి” అంది. పిస్సూకి మనిషి ఒంటి వేడి, నడక అదురు తగిలితే చాలు, దాక్కున్న చోటు నుంచి ఎగిరి వస్తుందట. తెల్ల గుడ్డ మీద దాన్ని దుమ్మని ఎవరూ అనలేరు.

మర్నాడు డ్యూటీకి మా అమ్మాయి స్కూలు తెల్ల సాక్సులు సంచీలో పెట్టుకెళ్లాను. కొత్తగా ఉతికినవి, మోకాళ్ల దాకా సాగుతాయి. కంట్రోల్ రూమ్ గుమ్మంలో బూట్లు విప్పి, సాక్సులు తొడిగి, పాంటు మోకాళ్ల దాకా మడిచి లోపలికి నడిచాను. “మేడమ్, మేడమ్” అంటూ జూనియర్ లేచాడు. ఇన్‌చార్జ్ ఏంటిదన్నాడు. ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ముందు వాళ్లందరి ఎదుటా నా కాళ్లు చూపించాను, తెల్లగా ఉన్నాయా లేదా చూసుకోండి అని. తర్వాత ప్యానెళ్ల వెనక్కి వెళ్లాను. అక్కడ కేబుళ్ల కోసం ఒక పలక సగం తీసి ఉంటుంది. దాని పక్కన నిలబడి, నేల అదిరేలా కాళ్లు టపటపా కొట్టాను. పొయ్యి దగ్గర పాలు పొంగే దాకా ఆగినట్టు ఆగాను.

తిరిగి వచ్చి, ఇన్‌చార్జ్ బల్ల మీద కాగితాలు ఒక పక్కకు జరిపి, నా కుడికాలు ఎత్తి ఆ బల్ల మీద పెట్టాను.

ఆఫీసరు బల్ల మీద కాలు పెట్టకూడదని నాకూ తెలుసు. మా నాన్న ఉంటే చెంప పగలగొట్టేవాడు. కానీ నా మాట విననివాళ్లకు నా కాలు చూపించక తప్పలేదు. తెల్ల సాక్సు మీద నల్ల చుక్కలు పాకుతున్నాయి. ఒకటి ఎగిరి ఆయన చొక్కా చేతి మీద వాలింది.

“దుమ్మేనా సర్?” అన్నాను. “దుమ్మైతే ఎగరమనండి ఇంకోసారి.”

ఆయన కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. తర్వాత కరెంటు వాళ్లను పిలిచి పలకలు ఎత్తించాడు. కేబుళ్ల మధ్య పాత గోనెల మీద ఒక తల్లిపిల్లి, పిల్లలు. ఎలకలు కేబుళ్లు కొరకకుండా కరెంటు సెక్షన్ వాళ్లే దానికి పాలు పోసి పెంచుతున్నారట. వాళ్లకు తెలుసు, పైన ఉన్న మాకెవరికీ తెలియదు. వాటిని గోనెలో కట్టి బయట పారేయమన్నాడు ఇన్‌చార్జ్. దానికీ అడ్డం పడ్డాను. ఒక పిల్లి కోసం కుర్చీ పోగొట్టుకున్నదాన్ని, ఇంకో పిల్లికి భయపడతానా? డాక్టరమ్మ మందిచ్చింది, కరెంటు వాళ్లు వాటిని తమ వర్క్‌షాపుకు తీసుకెళ్లారు. కంట్రోల్ రూమ్ కింద అంతా కడిగి మందు కొట్టారు.

కొన్నాళ్లకు ఇన్‌చార్జ్ కబురు పంపాడు, వచ్చి కూర్చోమని. సారీ అనలేదు. ముందు గ్రూపులో రాయండి, అవి ఎవరింటివో, అన్నాను. ఆయన ఫోన్ తీసి, నా ఎదురుగానే, పిస్సూలు కంట్రోల్ రూమ్‌వే, మేడమ్ ఇంటివి కావు అని హిందీలో రాశాడు. అప్పుడు వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ ఎత్తు ఎవరో మార్చేశారు, సరిచేసుకున్నాను.

షిఫ్టు వాళ్లు టీకి వెళ్లాక అన్నయ్య నా పక్కన నిలబడ్డాడు.

“చెల్లమ్మా, ఆ మందేదో నాకూ సెప్పు. మా ఇంట్లో కూడా కుడతన్నాయి. వానలప్పటి నుంచీని. మీ వదిన కాళ్లు సూస్తే ఏడుపొస్తాది.”

“మీ ఇంట్లో పిల్లి లేదు కదా అన్నయ్యా.”

“నేదు.”

“అంటే ఇక్కడి నుంచే వస్తున్నాయని నీకు తెలుసు.”

ఆయన తెర వంక చూశాడు. “అనుమానమే. మిగతావోళ్లకీ అంతే, ఒకలిద్దరు నాతో అన్నారు కూడా. సెప్తే మమ్మల్నీ కింద కూకోబెడతారని…”

క్యాబిన్‌లో ఏడ్చిన రోజు కూడా నాకు ఇంత నొప్పి కలగలేదు. ఇన్‌చార్జ్‌కి తెలియక నన్ను పంపాడు. వీళ్లకు తెలిసీ పంపనిచ్చారు. నాకు పని నేర్పిన మనిషి, మెట్ల దాకా వచ్చి పిల్లిని ఇచ్చేయమని హితవు చెప్పిన మనిషి, తన కాళ్ల మీది దద్దుర్లు సాక్సుల్లో దాచుకుని మరీ చెప్పాడు. కోపం వచ్చింది. ఆయన ముఖం చూస్తే తిట్టాలనిపించలేదు, ఊరుకోవాలనీ అనిపించలేదు.

మందు పేరు చెప్పాను. డాక్టరమ్మ ఫోన్ నంబరిచ్చాను. తర్వాత కుర్చీ పక్కన ఎవరో మళ్లీ పెట్టి వెళ్లిన దుప్పట్ల సంచీని పాదంతో ఆయన వైపు జరిపాను.

“ఈసారి ఇవి నువ్వు పట్టుకెళ్లు. బాగా మరిగిన నీళ్లలో వెయ్యాలి. వచ్చే నెల ఎవరో మీలో మీరు తేల్చుకోండి.”

ఆయన సంచీ వైపు, నా వైపు చూశాడు. “మీ వదినకి ఏటని సెప్పను?”

“నిజం చెప్పు,” అన్నాను.

ఆయన సంచీ ఎత్తి భుజాన వేసుకున్నాడు. కింద నుంచి బెల్టు క్లియర్ అని ఫోన్ వచ్చింది. నేను హెచ్చరికగా హూటర్ కొట్టి బెల్టు స్టార్ట్ చేశాను.